అంబులెన్స్ బిల్లు సరిగా రాయించుకోవడం, బీమా నుంచి రాబట్టుకోవడం: మొదటి ఫోన్ నుంచి అంబుడ్స్‌మన్ దాకా

"ఆసుపత్రి బిల్లు మూడు లక్షలూ క్యాష్‌లెస్‌లో పోయింది. అంబులెన్స్‌కి కట్టిన పన్నెండు వేలు మాత్రం రాలేదు. ఎందుకని?" ఈ ప్రశ్న అడగని ఇల్లు తక్కువ. చాలాసార్లు జవాబు ఒక్కటే: డబ్బు పోయింది పాలసీ వల్ల కాదు, రశీదు వల్ల. తెల్ల కాగితం మీద "అంబులెన్స్ చార్జి 12,000" అని డ్రైవర్ రాసిచ్చిన ముక్క పట్టుకుని వెళ్తే ఏ కంపెనీ అయినా కోత వేస్తుంది.

అంబులెన్స్ క్లెయిమ్ గెలిచేదీ ఓడేదీ బండి ఎక్కేముందు పది నిమిషాల్లో, బండి దిగాక మరో పది నిమిషాల్లో. ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో, తర్వాత కాగితాలు ఏ వరుసలో నడపాలో కింద ఉంది.

1. ఈరోజే చేయాల్సిన పని: పాలసీలో ఈ ఆరు చోట్లు చూడండి

ఏజెంట్ ఇచ్చిన కరపత్రం వద్దు. పాలసీ నిబంధనల పూర్తి పత్రం తీసి, "అంబులెన్స్" అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి.

- పరిమితి ఎంత? ఒక్కో చేరికకు ఇంత అని ఉందా, ఏడాదికి ఇంత అని ఉందా, అయిన ఖర్చంతా ఇస్తారా? అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో రోడ్డు అంబులెన్స్‌కు ఒక్కో చేరికకు గరిష్ఠంగా 2,000 రూపాయలు. దాని మీద 5 శాతం మీ వాటా.
- ఎవరి బండి? ఆసుపత్రిదో, నమోదైన అంబులెన్స్ సంస్థదో అయి ఉండాలని చాలా పాలసీలు రాస్తాయి. కారు, ఆటో, క్యాబ్ ఖర్చు ఇందులోకి రాదు.
- ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇల్లు లేదా ప్రమాద స్థలం నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి మెరుగైన సౌకర్యాలున్న మరో ఆసుపత్రికి మామూలుగా ఇస్తారు. డిశ్చార్జి అయ్యాక ఇంటికి తీసుకెళ్లే ప్రయాణానికి ఎక్కువ పాలసీలు ఇవ్వవు.
- అత్యవసరం అన్న షరతు ఉందా? ఉంటే ముందే తేదీ ఖాయం చేసుకున్న ఆపరేషన్‌కు అంబులెన్స్‌లో వెళ్లినా డబ్బు రాదు.
- ప్రధాన క్లెయిమ్‌తో ముడి. అంబులెన్స్‌కు విడిగా బతుకు లేదు. ఆసుపత్రి క్లెయిమ్ చెల్లితేనే ఇదీ చెల్లుతుంది. ఎమర్జెన్సీలో ఆరు గంటలు చూసి ఇంటికి పంపేస్తే, 24 గంటల చేరిక లేనందున, అంతసేపు ఉండనక్కర్లేని డే కేర్ చికిత్స అయితే తప్ప, రెండూ పోతాయి.
- చెల్లించని వస్తువుల జాబితా. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక జాబితాల్లో మొదటిది 68 అంశాలది. అందులో 67వది సాక్షాత్తూ "అంబులెన్స్". పాలసీలో అంబులెన్స్ ప్రయోజనం ప్రత్యేకంగా రాసి ఉంటేనే ఈ జాబితాను దాటుకుని డబ్బు వస్తుంది. అంబులెన్స్ కాలర్ (మెడ పట్టీ), అంబులెన్స్ పరికరాలు, ఆసుపత్రి బయట వాడిన ఆక్సిజన్ సిలిండర్ కూడా అదే జాబితాలో ఉన్నాయి. ఈ మూడో సంగతి గుర్తుంచుకోండి, రశీదు దగ్గర పనికొస్తుంది.

ఆఫీసువాళ్ల గ్రూప్ పాలసీ ఉన్నవాళ్లకు నిబంధనల పత్రం సాధారణంగా చేతికి రాదు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అంబులెన్స్ పరిమితిని రాతపూర్వకంగా తెప్పించుకోండి.

2. ఏ నంబరుకు, ఏ బండికి ఫోన్ చేయాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108 ఉచితం. బిల్లు ఉండదు కాబట్టి క్లెయిమూ ఉండదు. డీజిల్‌కనో, టీ ఖర్చులకనో ఎవరైనా అడిగితే ఇవ్వనక్కర్లేదు. బండి నంబరు, సమయం రాసుకుని 108కే ఫోన్ చేసి చెప్పండి. రోడ్డు ప్రమాదమైతే 112 కూడా పనిచేస్తుంది. గర్భిణులకు, బాలింతలకు తెలంగాణలో 102 బండ్లు, ఆంధ్రప్రదేశ్‌లో డిశ్చార్జి తర్వాత ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. ఈ దారులు ఉండగా ఆసుపత్రి గేటు దగ్గర బండికి వేలు పోయడం అనవసరం.

ప్రైవేటు బండి తప్పదనుకున్నప్పుడు రకం తెలిసి ఉండాలి. కేంద్రం నిర్దేశించిన ఏఐఎస్-125 ప్రమాణంలో నాలుగు రకాలున్నాయి:

- ఎ: మొదట చేరి ప్రథమ చికిత్స చేసే వాహనం. రోగిని మోయదు.
- బి: రోగిని తరలించడానికి మాత్రమే. స్ట్రెచర్ ఉంటుంది, ప్రాణాపాయం లేనివాళ్లకు.
- సి: బేసిక్ లైఫ్ సపోర్ట్. ఆక్సిజన్, ప్రాథమిక పరికరాలు, శిక్షణ ఉన్న మనిషి.
- డి: అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. వెంటిలేటర్, మానిటర్, డీఫిబ్రిలేటర్ లాంటివి.

కాలు విరిగి నిలకడగా ఉన్న మనిషికి డి రకం బండి పెడితే బిల్లు పెరుగుతుంది, బీమావాళ్లు "వైద్యపరంగా అవసరం లేదు" అని కోస్తారు. వెంటిలేటర్ మీదున్న మనిషిని సి రకం బండిలో పంపితే ప్రాణానికే ముప్పు. కాబట్టి ఏ రకం కావాలో డ్రైవర్ని అడగొద్దు, పంపిస్తున్న డాక్టరు చేత చెప్పించండి, చీటీలో రాయించండి.

ఫోన్‌లో ఈ ప్రశ్నలు అడగండి:

- కిలోమీటరుకు ఎంత? రానుపోను లెక్కా, పోయే దూరమేనా?
- కనీస దూరం ఎంత? నగరంలో రెండు కిలోమీటర్లు వెళ్లినా కనీస చార్జి ఉంటుంది.
- ఆక్సిజన్, టెక్నీషియన్ రేటులో కలిసే ఉన్నాయా, విడిగానా?
- అక్కడ బెడ్ దొరక్క ఆగాల్సి వస్తే వెయిటింగ్ గంటకు ఎంత?
- నంబరు ఉన్న అచ్చు రశీదు ఇస్తారా?

చివరి ప్రశ్నకు "చూద్దాంలెండి" అన్న జవాబు వస్తే, అవకాశం ఉంటే మరో బండి చూడండి. రేటు ఖాయమయ్యాక వాట్సాప్‌లో ఒక వాక్యం పంపండి: "ఒంగోలు నుంచి విజయవాడ, ఆక్సిజన్, టెక్నీషియన్‌తో కలిపి మొత్తం ఇంత, సరేనా?" వాళ్లు "సరే" అని పెడితే చాలు. దిగేటప్పుడు రేటు పెరగడమనే జబ్బుకు ఇదే మందు.

బండి నంబరు చేతికి రాగానే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. వాహన తరగతి అంబులెన్స్ అనే ఉండాలి, ఫిట్‌నెస్ గడువు దాటకూడదు. అక్కడ వివరాలు రాకపోతే ఆర్సీ ఫోటో అడగండి. మామూలు వ్యానుకు నీలం లైటు బిగించి నడిపే బండ్లకు కొరత లేదు. అలాంటి బండి రశీదు మీద నంబరు చూసి బీమావాళ్లు తిప్పి పంపితే వాదించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

3. రిఫరల్ లెటర్: ఎవరూ పట్టించుకోని కాగితం

ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మార్చినప్పుడు అంబులెన్స్ డబ్బు రావాలంటే "మెరుగైన చికిత్స కోసం వైద్యుడే పంపాడు" అన్న రుజువు కావాలి. హడావిడిలో చాలామంది దీన్ని అడగరు. తర్వాత వారానికి వెళ్తే ఆ డ్యూటీ డాక్టరు ఉండడు.

లెటర్‌లో ఈ నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూడండి:

- రోగి పేరు, వయసు, తేదీ, గంట. ఆధార్‌లో ఉన్న పేరే ఉండాలి, ముద్దుపేరు కాదు.
- ఉన్న జబ్బు, అప్పటి పరిస్థితి: బీపీ, పల్స్, ఆక్సిజన్ శాతం.
- ఎందుకు పంపుతున్నారు. "మెరుగైన చికిత్సకు" అని ముక్తసరిగా రాస్తే చాలదు. "ఇక్కడ క్యాథ్‌ల్యాబ్ లేనందున", "వెంటిలేటర్ బెడ్ ఖాళీ లేనందున" అని లేని సౌకర్యం పేరు ఉండాలి.
- ఏ రకం అంబులెన్స్‌లో తరలించాలో, వెంట ఎవరు ఉండాలో.

కింద డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి ముద్ర.

ఇక్కడొక మాట. ఆసుపత్రివాళ్లు "మీ ఇష్టప్రకారమే తీసుకెళ్తున్నట్టు సంతకం పెట్టండి" అని లామా ఫారం ముందు పెడతారు. అది వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నామని ఒప్పుకునే కాగితం. సౌకర్యం లేక వాళ్లే పంపిస్తున్నప్పుడు దాని మీద సంతకం పెట్టాల్సిన పని లేదు. రిఫరల్ అనే రాయమని గట్టిగా అడగండి. లామా కాగితం ఫైల్లో పడిందంటే "రోగి సొంత ఇష్టంతో మారాడు" అని అంబులెన్స్ ఖర్చు ఎగ్గొట్టడానికి కంపెనీకి సాకు దొరికినట్టే.

ఇంటి నుంచి నేరుగా వెళ్లినవాళ్లకు రిఫరల్ ఉండదు. వాళ్లకు దాని బదులు పనిచేసేది చేర్చుకున్న ఆసుపత్రి ఎమర్జెన్సీ నోట్సు. అందులో "అంబులెన్స్‌లో తీసుకువచ్చారు" అన్న మాట, వచ్చిన సమయం రాయమని నర్సును అడగండి. అర నిమిషం పని.

4. రశీదు: ఏమేం ఉండాలి

డబ్బు చేతిలో పెట్టేముందే రశీదు చదవండి. ఇచ్చాక మార్పులు చేయించడం కష్టం. పూర్తి రశీదు ఇలా ఉంటుంది:

> సంస్థ పేరు, చిరునామా, ఫోన్
> రశీదు నంబరు, తేదీ
> రోగి పేరు, వయసు
> బండి నంబరు, అంబులెన్స్ రకం
> బయలుదేరిన చోటు, సమయం, మీటరు రీడింగు
> చేరిన చోటు, సమయం, మీటరు రీడింగు
> దూరం, కిలోమీటరు రేటు, మొత్తం
> అక్షరాల్లో మొత్తం
> చెల్లించిన విధానం, యూపీఐ లావాదేవీ నంబరు
> సంతకం, ముద్ర

యూపీఐలో కట్టడం మంచిది. రశీదు మీద తేదీ, మీ ఫోన్‌లో లావాదేవీ తేదీ ఒకదానికొకటి సాక్ష్యం. అయితే సంస్థ ఖాతాకు కట్టండి. డ్రైవర్ బావమరిది నంబరుకు పంపితే రశీదు ఒక పేరు మీద, డబ్బు ఇంకో పేరు మీద ఉండి బీమా కంపెనీ నుంచి క్వెరీ, అంటే వివరణ అడిగే లేఖ, వస్తుంది. నగదే ఇవ్వాల్సి వస్తే "నగదు అందినది" అని రాయించండి.

ఆక్సిజన్ గురించి ముందు చెప్పుకున్నాం. దాన్ని విడి పద్దుగా రాస్తే "ఆసుపత్రి బయట వాడిన ఆక్సిజన్ సిలిండర్" కింద కోత పడే అవకాశం ఎక్కువ. కాబట్టి బేరం కుదుర్చుకునేటప్పుడే ఆక్సిజన్, మనిషితో కలిపి ఒకే రేటు మాట్లాడుకోండి, రశీదులో అలాగే రాయించండి. ఇది నిజంగా అలా మాట్లాడుకున్నప్పుడే సుమా. తర్వాత పద్దులు మార్పించడం, దూరం పెంచి రాయించడం మోసం కిందికి వస్తాయి. రెండు వేల కోసం పాలసీనే రద్దయ్యే పని ఎవరూ చేయకూడదు.

5. బిల్లులో కనబడకూడని పద్దులు

ఒక ఊహా బిల్లు తీసుకుందాం. ఒంగోలు నుంచి విజయవాడ దాదాపు 150 కిలోమీటర్లు, రానుపోను 300.

- 300 కిలోమీటర్లు, 30 చొప్పున: 9,000
- ఆక్సిజన్: 1,200
- టెక్నీషియన్: 1,500
- డ్రైవర్ బత్తా: 500
- టోల్: 600
- ఇతర ఖర్చులు: 700
- జీఎస్టీ 5 శాతం: 675
- మొత్తం: 14,175

ఇందులో మూడు పద్దులకు డబ్బు కట్టనక్కర్లేదు.

జీఎస్టీ. అంబులెన్స్‌లో రోగి తరలింపు సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. 2017 నాటి 12వ నంబరు నోటిఫికేషన్‌లో 74వ అంశం. ఐదు శాతమైనా, పద్దెనిమిది శాతమైనా వేయడానికి వీల్లేదు. మృతదేహం తరలింపు అంత్యక్రియల సేవల కిందికి వచ్చి జీఎస్టీ పరిధిలోనే ఉండదు.

టోల్. 2008 నాటి జాతీయ రహదారుల టోల్ నిబంధనల్లో అంబులెన్స్‌కు మినహాయింపు ఉంది. మినహాయింపు ఫాస్టాగ్ తీసుకోవడం బండి యజమాని బాధ్యత. తీసుకోకుండా మామూలు ఫాస్టాగ్ పెట్టుకుని, ఆ భారం రోగి మీద వేయకూడదు.

ఇతర ఖర్చులు. ఏమిటో చెప్పమనండి. చెప్పలేకపోతే కొట్టేయించండి. పేరులేని పద్దును బీమా కంపెనీ ఎలాగూ ఇవ్వదు.

ఈ మూడూ తీసేస్తే 12,200. ఇప్పుడు బీమా వైపు చూడండి. అయిన ఖర్చంతా ఇచ్చే పాలసీ అయితే బత్తా, ఆక్సిజన్ కోసినా 10,500 రావాలి. ఆరోగ్య సంజీవని లాంటిదైతే 2,000, అందులో 5 శాతం పోగా 1,900. అంటే తక్కువ పరిమితి పాలసీ ఉన్నవాళ్లకు బీమా క్లెయిమ్ కన్నా బిల్లు సరిచేయించుకోవడంలోనే ఎక్కువ మిగులుతుంది. ఈ ఉదాహరణలో తీయించిన 1,975 రూపాయలు క్లెయిమ్‌లో వచ్చే 1,900 కన్నా ఎక్కువే.

6. ఆసుపత్రిలో దిగాక మొదటి రోజు

1. అత్యవసర చేరిక అయితే 24 గంటల లోపు, లేదా అంతకన్నా ముందే డిశ్చార్జి అయితే ఆ లోపు, బీమా కంపెనీకి లేదా దాని తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ టీపీఏకు సమాచారం ఇవ్వండి. ఆరోగ్య సంజీవనిలో గడువు ఇదే, మీ పాలసీలోనూ సరిచూసుకోండి. క్లెయిమ్ నంబరు రాసుకోండి.
2. చేరింది బీమా నిర్వచనం ప్రకారం "ఆసుపత్రి" అవునో కాదో చూడండి. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, మిగతాచోట్ల 15 ఉండాలి.
3. అంబులెన్స్ ఆ ఆసుపత్రిదే అయితే చార్జిని చివరి బిల్లులో కలపమని బిల్లింగ్ కౌంటర్‌లో చెప్పండి. అప్పుడు క్యాష్‌లెస్‌లోనే పోతుంది, విడి కాగితాల గోల ఉండదు. అన్నిటికన్నా సులువైన దారి ఇదే.
4. బయటి బండి అయితే రశీదును ఆసుపత్రి ఫైల్లో పెట్టేయకండి. అది మీ దగ్గరే ఉండాలి. ముందు ఫోటో తీయండి. థర్మల్ కాగితం మీద ఇచ్చింది నెల తిరిగేసరికి వెలిసిపోతుంది.

ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అనుమతిపై గంటలో, డిశ్చార్జి అనుమతిపై మూడు గంటల్లో నిర్ణయం రావాలి. తుది అనుమతి కాగితం వచ్చాక "అంబులెన్స్" వరుసలో ఎంత ఇచ్చారో అక్కడే చూడండి. సున్నా ఉంటే డిశ్చార్జి ముందే టీపీఏ డెస్క్‌లో అడగాలి.

7. విడిగా క్లెయిమ్ పెట్టడం

ఎక్కువమంది వదిలేసుకునే చోటిది. ప్రధాన బిల్లు క్యాష్‌లెస్‌లో పోయినా, బయటి అంబులెన్స్ రశీదును అదే క్లెయిమ్ నంబరు మీద రీయింబర్స్‌మెంట్‌కు, అంటే కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని, పెట్టొచ్చు. కొత్త క్లెయిమ్ తెరవొద్దు. తెరిస్తే "చేరిక వివరాలు లేవు" అని తిరిగొస్తుంది.

గడువు పాలసీలో ఉంటుంది. ఆరోగ్య సంజీవనిలో ఆసుపత్రి ఖర్చులకు డిశ్చార్జి నుంచి 30 రోజులు. డిశ్చార్జి తర్వాతి మందుల బిల్లులతో కలిపి పెడదామని ఆగితే అంబులెన్స్ గడువు దాటిపోతుంది. దీన్ని ముందే పంపేయండి.

కాగితాల కట్ట ఈ వరుసలో:

- క్లెయిమ్ ఫారం మొదటి భాగం, "అంబులెన్స్" గడిలో మొత్తం నింపి
- అంబులెన్స్ అసలు రశీదు
- చెల్లింపు రుజువు
- రిఫరల్ లెటర్, లేదా ఎమర్జెన్సీ నోట్సు నకలు
- డిశ్చార్జి సమ్మరీ
- క్యాష్‌లెస్ తుది అనుమతి కాగితం
- రద్దు చేసిన చెక్కు, గుర్తింపు కార్డు
- ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్ లేదా ఆసుపత్రి రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కాగితం నకలు

పంపేముందు మూడు తేదీలు సరిపోల్చండి: రశీదు మీదిది, రిఫరల్ మీదిది, ఆసుపత్రిలో చేరినది. రాత్రి 11 గంటలకు బయలుదేరి తెల్లవారుజామున 2కి చేరితే తేదీ మారుతుంది. రశీదు మీద బయలుదేరిన సమయం లేకపోతే "తేదీలు పొసగడం లేదు" అని క్వెరీ తప్పదు. అందుకే నాలుగో మెట్టులో సమయాలు రాయించమన్నది.

రెండు పాలసీలు ఉంటే, ముందు ఒకదానిలో పెట్టి, వాళ్లిచ్చిన సెటిల్‌మెంట్ లెటర్, ధ్రువీకరించిన నకళ్లతో మిగతా మొత్తాన్ని రెండోదానిలో అడగండి. అసలు రశీదు మొదటి కంపెనీ దగ్గర ఉండిపోతుంది కాబట్టి ధ్రువీకరించిన నకలు అడిగి తీసుకోవడం మరవొద్దు.

8. కోత పడితే ఏం జవాబు రాయాలి

ముందుగా ఒక నియమం. క్లెయిమ్ పూర్తిగా తిరస్కరించినా, కొంత కోసినా, పాలసీలో ఏ షరతు ప్రకారమో కంపెనీ స్పష్టంగా చెప్పాలి. పూర్తి తిరస్కరణకు కంపెనీలోని సమీక్షా కమిటీ ఆమోదం ఉండాలి. రెండూ 2024 మాస్టర్ సర్క్యులర్‌లో ఉన్నవే. "నాన్ పేయబుల్" అన్న ఒక్క మాటతో వచ్చిన లెటర్‌కు మొదటి జవాబు: "పాలసీలో ఏ నంబరు షరతు ప్రకారమో తెలపండి."

తరచూ వచ్చే సాకులు, వాటికి దారులు:

"జాబితా ఒకటి ప్రకారం చెల్లదు." పాలసీలో అంబులెన్స్ ప్రయోజనం రాసిన పేజీ జత చేయండి. ప్రత్యేకంగా రాసిన ప్రయోజనం ముందు సాధారణ జాబితా నిలవదు.

"అత్యవసరం రుజువు కాలేదు." ఎమర్జెన్సీ నోట్సు, చేరినప్పటి బీపీ, ఆక్సిజన్ శాతం ఉన్న పేజీ పంపండి. అవసరమైతే చికిత్స చేసిన డాక్టరు నుంచి రెండు వాక్యాల సర్టిఫికెట్.

"రశీదు అసంపూర్ణం." వాదించకండి. సంస్థ దగ్గరికి వెళ్లి అదే రశీదు నంబరు, బండి నంబరు, దూరం పేర్కొంటూ లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ తెచ్చి జత చేయండి. కొత్త నంబరుతో కొత్త రశీదు తెస్తే అనుమానం పెరుగుతుంది.

"నమోదైన సంస్థ కాదు." బండి ఆర్సీ నకలు, తరగతి అంబులెన్స్ అని కనబడేలా. ఇది దొరక్కపోతే ఈ క్లెయిమ్ నిలవడం కష్టం.

"ఆ పత్రం పంపండి, ఈ పత్రం పంపండి." ఆసుపత్రి దగ్గర ఉండే కాగితాలను కంపెనీయో టీపీఏయో ఆసుపత్రి నుంచే తెప్పించుకోవాలి. మీ దగ్గర లేనివాటికి ఆ సంగతి గుర్తుచేయండి.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టి నంబరు తీసుకోండి. పక్కనే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు. ఫోన్ 155255. తిరస్కరించినా, జవాబు నచ్చకపోయినా, నెల రోజుల్లో జవాబే రాకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు కార్యాలయం హైదరాబాద్‌లో, లక్డీకాపూల్ దగ్గర. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. కంపెనీ తుది జవాబు నుంచి ఏడాది లోపు వెళ్లాలి. అంబుడ్స్‌మన్ తీర్పు (అవార్డు) వచ్చాక 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీ మీద రోజుకు 5,000 రూపాయల భారం పడుతుంది.

రెండు వేల కోసం అంబుడ్స్‌మన్ దాకానా అంటే, అది మీ ఓపిక. పదివేలు దాటిన కోతకు మాత్రం తప్పక వెళ్లాలి. చాలా కేసులు నోటీసు అందగానే కంపెనీయే సర్దుకుని తేలిపోతాయి.

9. ఎక్కువ గుంజితే ఎవరికి చెప్పాలి

కిలోమీటరుకు ఇంతకు మించకూడదని దేశమంతటికీ ఒకే రేటు చట్టం లేదు. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరులో, అంబులెన్స్‌లకు సహేతుక ధరలు నిర్ణయించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మామూలు రోజుల్లో మీ బలం వాట్సాప్‌లో ఖాయం చేసుకున్న రేటే. అందుకే అది అంత ముఖ్యం.

- ఆసుపత్రి గేటు దగ్గర బయటి బండిని రానివ్వకపోతే: అక్కడికక్కడే సూపరింటెండెంట్, అవుట్‌పోస్ట్ పోలీసు, 112.
- మాట్లాడుకున్న రేటు దాటి తీసుకుంటే, జీఎస్టీ వేస్తే: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు.
- ఒక ఊళ్లో అందరూ కలిసి రేటు పెంచేస్తుంటే: సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమం, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో పీజీఆర్‌ఎస్. రశీదుల నకళ్లు నాలుగైదు కలిపి ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికన్నా పని జరుగుతుంది.

10. విడి సందర్భాలు

రోడ్డు ప్రమాదం. 2025 మేలో నోటిఫై అయిన కేంద్ర పథకం కింద గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు రహిత చికిత్స ఉంది. బాధితుణ్ని చేర్చినప్పుడే ఈ పథకం పేరు చెప్పి అడగండి. మీరు కట్టిన అంబులెన్స్ ఖర్చును మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో రవాణా ఖర్చుల కింద అడగొచ్చు. కాబట్టి ఆరోగ్య బీమాకు అసలు రశీదు ఇచ్చేముందు ధ్రువీకరించిన నకలు లాయరు కోసం దాచండి.

మృతదేహం తరలింపు. అంబులెన్స్ ప్రయోజనం దీనికి వర్తించదు, పాలసీలో విడిగా రాసి ఉంటే తప్ప. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రుల్లో మహాప్రస్థానం వాహనాలు ఉచితం. డ్యూటీలో ఉన్న ఆర్‌ఎంఓను (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) అడగండి.

ఎయిర్ అంబులెన్స్. ముందస్తు అనుమతి లేకుండా ఎక్కొద్దు. పాలసీలో ఆ మాట విడిగా లేకపోతే ఆ డబ్బు వస్తుందని అనుకోవద్దు.

11. రెండు మూడు బండ్లు నడిపే యజమానులకు

రశీదు సరిగా ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నంబర్లు వేసిన డూప్లికేట్ రశీదు పుస్తకం, రబ్బరు ముద్ర, బండిలో అతికించిన రేట్ల పట్టిక, సంస్థ పేరు మీద క్యూఆర్ కోడ్. డ్రైవర్‌కు నేర్పాల్సింది ఒకటే: రోగిని ఎక్కించగానే, దించగానే మీటరు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం. నెలల తర్వాత బీమా పరిశోధకుడు ఫోన్ చేసి "ఈ ట్రిప్పు నిజమేనా" అన్నప్పుడు ఆ ఫోటో, డూప్లికేట్ రశీదు చూపిస్తే మాట అక్కడితో ఆగుతుంది. మినహాయింపు ఫాస్టాగ్‌కు దరఖాస్తు పెట్టుకోండి. జీఎస్టీ వరుసను బిల్లు సాఫ్ట్‌వేర్ నుంచే తీసేయించండి. కంప్యూటర్ దానంతటది వేసేసిన పన్ను వల్లే సగం గొడవలు మొదలవుతాయి.